భీమిలి షెడ్డులో రోటాక్స్ 912, ప్రొపెల్లర్ బోల్టులు వదులవుతున్నాయి

గాజువాక_గాలిపటం:
అన్నలూ, మా బావ సొంతంగా కట్టుకున్న టూ సీటర్ విమానం భీమిలి దగ్గర షెడ్డులో ఉంది, ఇంజిన్ రోటాక్స్ 912, ప్రొపెల్లర్ చెక్కది. పర్మిషన్ల పని ఇంకా తేలలేదు కాబట్టి వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నాం. వానలు పోయాక హబ్ బోల్టులు (ప్రొపెల్లర్ని మధ్యలో పట్టుంచేవి) వదులయ్యాయి, బిగించేస్తే సరిపోద్దా? ఆయిల్ లెవెల్ కూడా చూసినప్పుడల్లా ఒక్కోలా ఉంటోంది.

ఎంవీపీ_స్పానర్:
చెక్క కదా, వానల్లో తేమ పీల్చి ఉబ్బుద్ది, ఆరాక కుంచించుకుపోద్ది, బోల్టులు వదులవ్వకేం చేస్తాయి. టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే స్పానర్) ప్రొపెల్లర్ కంపెనీ చెప్పిన లెక్కకే బిగించండి, బలముంది కదా అని లాగితే చెక్క నలిగిపోద్ది. తర్వాత ప్రొపెల్లర్ రెండు రెక్కల కొసలూ ఒకే దారిలో తిరుగుతున్నాయో లేదో చూడండి. ఆపినప్పుడు అడ్డంగా ఉంచండి, నిలువుగా వదిలేస్తే తేమంతా కింది రెక్కలోకి చేరి బ్యాలెన్స్ పోద్ది.

ఆయిలేమో దీంట్లో విడిగా ట్యాంకులో ఉంటది. ప్రొపెల్లర్ని తిరిగే వైపే చేత్తో తిప్పుతుంటే ఇంజిన్లో మిగిలిన ఆయిల్ వెనక్కొచ్చి ట్యాంకులో గుడగుడమంటది, అప్పుడు చూడాలి. రెండు ఇగ్నిషన్ స్విచ్చులూ ఆఫ్‌లో ఉన్నా సరే, గ్రౌండ్ వైరు (ఆఫ్ చేస్తే నిప్పురవ్వని ఆపేది) తెగుంటే ఇంజిన్ రాజుకుంటది, రెక్కల దారిలో తల పెట్టొద్దు బాబూ.

పెదవాల్తేరు_పైలట్:
అసలు ఆ ఐదు నిమిషాల స్టార్టే దండగ. ఆయిల్ 100 డిగ్రీలు దాటకపోతే లోపలి నీరు ఆవిరవ్వదు, మన ఉప్పుగాలికి అది తోడైతే తుప్పే. పెట్రోలు బంకుదేనా? ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపింది) అయితే పొయ్యకండి, 912కి ఇ10 దాకానే ఒప్పుకుంటారు.

గాజువాక_గాలిపటం:
ఓర్నాయనో, బంకుదే. రేపే ట్యాంకు ఖాళీ చేయిస్తా, కార్బ్యురేటర్లో పెట్రోలు మీద తేలే ఫ్లోట్లు కూడా విప్పి చూడాలా?