దవడ ఎముకలో సిస్ట్ అన్నారు, ముందు బయాప్సీ నిజంగా అవసరమా?

పెద్దక్క88:
అందరికీ నమస్తే. మా తమ్ముడికి 22 ఏళ్ళు. నొప్పి లేదు వాపు లేదు, పళ్ళకి క్లిప్పులు వేయించుకుందామని వెళ్తే ముందు ఓపీజీ ఎక్స్‌రే (రెండు దవడలూ పళ్ళూ మొత్తం ఒకే ఫిల్మ్‌లో కనపడేది) తీశారు, అందులో కుడివైపు కింది దవడ చివర, బయటికి రాకుండా అడ్డంగా పడుకున్న జ్ఞానదంతం చుట్టూ నల్లటి ఖాళీ కనపడింది, అంచు మాత్రం పెన్సిల్‌తో గీసినట్టు సన్నగా తెల్లగా ఉంది. డెంటిజెరస్ సిస్ట్ కావచ్చు, కెరటోసిస్ట్ కావచ్చు, అమీలోబ్లాస్టోమా అనే ట్యూమర్ కూడా కావచ్చు, ముందు సీబీసీటీ స్కాన్ (దవడని 3డీలో చూపించేది), తర్వాత బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూడడం, అన్నారు డాక్టర్ గారు. మూడు పేర్లు ఒకేసారి వినేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమ్మేమో ముక్క కోస్తే గడ్డ పాకుతుంది వద్దంటే వద్దు అంటోంది. ఎలాగూ తీసేసేదే కదా రెండుసార్లు కోయడం ఎందుకు అని నాక్కూడా అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఓరల్‌సర్జన్_ఆర్:
నేను ఓరల్ సర్జన్ని అండి, ఫిల్మ్ చూడలేదు కాబట్టి మీ తమ్ముడిది ఏంటో చెప్పను, బయాప్సీ ఎందుకో మాత్రం చెప్తా. ఎక్స్‌రేలో కనపడేది ఎముక కరిగిపోయిన చోటు మాత్రమే, అక్కడ ఏం పెరుగుతోందో అది చెప్పదు. మీ డాక్టర్ చెప్పిన మూడూ ఆ చోట అచ్చం ఒకేలా కనపడగలవు, కానీ మూడిటికీ ఆపరేషన్ వేరు. డెంటిజెరస్ అయితే పన్నూ దాని చుట్టూ ఉన్న సంచీ కలిపి తీసేస్తే మామూలుగా మళ్ళీ రాదు. కెరటోసిస్ట్ పొర తడిసిన కాగితంలా పల్చగా ఉంటుంది, తీసేటప్పుడు చిరుగుతుంది, గోడలో చిన్న పిల్ల సిస్టులు కూడా దాక్కుంటాయి, అందుకే తిరిగొస్తుంది. మామూలు అమీలోబ్లాస్టోమా క్యాన్సర్ కాదు కానీ ఎక్స్‌రేలో కనపడే అంచు దాటి ఎముకలోకి చొచ్చుకుపోయి ఉంటుంది, గీకి తీస్తే సరిపోదు, చుట్టూ 1 నుంచి 2 సెంటీమీటర్ల మంచి ఎముకతో కలిపి కోయాల్సి వస్తుంది. పేరు తెలీకుండా మొదలుపెడితే అయితే తక్కువ తీస్తాం లేకపోతే అక్కర్లేని దవడ కోసేస్తాం.

ముక్క తీస్తే ఇవి పాకవు, అమ్మగారికి ధైర్యంగా చెప్పండి. కోసే ముందు సూదితో లాగి చూస్తాం. గడ్డి రంగు నీళ్ళు వచ్చి లైట్ కింద పట్టుకుంటే కొలెస్టరాల్ రవ్వలు తళతళమంటే సిస్ట్ వైపు అనుమానం, తెల్లగా జున్నుముక్కల్లా వస్తే కెరటోసిస్ట్ వైపు. ధారగా రక్తం వస్తే కత్తి పెట్టం, అది రక్తనాళాల గడ్డ కావచ్చు. చుట్టుపక్కల పళ్ళు బతికున్నాయో లేదో కూడా టెస్ట్ చేయించండి, పన్ను నరం చచ్చిపోయి వేరు చివర వచ్చే సిస్టులే దవడలో అన్నిటికన్నా ఎక్కువ, వాటి దారి వేరు. ఒక్క మాట, కింది పెదవి మొద్దుబారినా పళ్ళు ఉన్నట్టుండి కదిలినా ఆగకుండా వెంటనే వెళ్ళండి.

నిదానం:
మా ఆయన కథ చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. మొదటిసారి చిన్న సిస్టే అని గీకి తీసేశారు, తీసింది ల్యాబ్‌కి పంపలేదు, పంపాలని మాకూ తెలీదు. ఆరేళ్ళ తర్వాత చెంప ఉబ్బింది, వేలితో నొక్కితే గుడ్డుపెంకు చిట్లినట్టు చప్పుడు వచ్చేది, ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఈసారి బయాప్సీలో అమీలోబ్లాస్టోమా అని తేలింది. సగం దవడ తీసి కాలిలోంచి ఫిబ్యులా ఎముక రక్తనాళాలతో సహా తెచ్చి పెట్టారు, తర్వాత దాంట్లోనే ఇంప్లాంట్లు వేసి పళ్ళు కట్టారు. ఇప్పుడు నడుస్తారు, నములుతారు, బానే ఉన్నారు. కానీ మొదటి రోజే ఆ ముక్క ల్యాబ్‌కి వెళ్ళుంటే ఇంత కోత ఉండేది కాదేమో అని నాకు బాధ. బయాప్సీ చేయించండి, మెయిన్ ఆపరేషన్‌లో తీసిందంతా కూడా మళ్ళీ పంపమని గట్టిగా అడగండి.

ఓరల్‌సర్జన్_ఆర్:
పై మేడం చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. చిన్న ముక్కలో దొరకనిది మొత్తం సంచీలో దొరకొచ్చు, చీము పట్టిన చోటి నుంచి ముక్క తీస్తే కెరటోసిస్ట్ పొర తన గుర్తులు పోగొట్టుకుని మామూలు సిస్ట్‌లా కనపడుతుంది.

పెద్దక్క88:
అప్‌డేట్. అమ్మకి ఇవన్నీ చదివి వినిపించాను, ఒప్పుకుంది. సూదితో లాగితే తెల్లగా చిక్కగా వచ్చింది, రిపోర్ట్‌లో ఓడోంటోజెనిక్ కెరటోసిస్ట్ అని వచ్చింది. నెట్‌లో చూస్తే ఒకచోట సిస్ట్ ఒకచోట ట్యూమర్ అని ఉంది, నాకు మళ్ళీ భయం పట్టుకుంది. స్కాన్‌లో నరం ఉండే కాలువకి ఆనుకుని ఉందట, ముందు ట్యూబ్ పెట్టి కుదించి తర్వాత తీస్తామంటున్నారు.

ఓరల్‌సర్జన్_ఆర్:
2005లో డబ్ల్యూహెచ్‌ఓ దీన్ని ట్యూమర్లలో కలిపింది, 2017లో మళ్ళీ సిస్టుల్లోకి మార్చింది, రెండు రకాలుగా కనపడేది అందుకే, జబ్బు అదే. ట్యూబ్ ప్లాన్ మంచిదే, లోపలి ఒత్తిడి తగ్గితే చుట్టూ కొత్త ఎముక పెరిగి నరం దూరమవుతుంది. ఒకటి కన్నా ఎక్కువ ఉన్నాయేమో ఓపీజీ మొత్తం చూడమనండి, చాలా ఉంటే గోర్లిన్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బు గురించి ఆలోచించాలి.

ఎడమదవడ:
అక్కా నాకూ ఇదే, నాలుగేళ్ళయింది. ట్యూబ్‌తో పదకొండు నెలలు ఉన్నాను, రోజుకి రెండుసార్లు సూది లేని సిరంజితో సెలైన్ కొట్టి కడుక్కోవాలి, మొదట్లో వచ్చే ఆ కంపుకి కడుపులో తిప్పేది, రెండు వారాలకి నీళ్ళు తేటగా వచ్చాయి. కడగడం మానితే అన్నం మెతుకు ఇరుక్కుని చీము పడుతుంది, నేను ఒక్కసారి మానేసి అనుభవించాను. తర్వాత సంచీ తీసి ఎముక గోడని చెక్కి, మిగిలిపోయిన సిస్ట్ కణాల్ని చంపే కార్నాయ్స్ సొల్యూషన్ అనే మందు రాశారు, పెదవి మూడు నెలలు మొద్దుగా ఉండి తర్వాత స్పర్శ వచ్చింది. ఇప్పుడు ఏడాదికోసారి ఎక్స్‌రే. తిరిగొస్తే ఎక్కువగా మొదటి ఐదేళ్ళలోనే వస్తుంది కానీ పదేళ్ళ తర్వాత వచ్చినవాళ్ళూ ఉన్నారని మా డాక్టర్ అన్నారు, అందుకే బాగున్నా మానను. పాత ఫిల్ములన్నీ ఒక కవర్లో దాచండి, పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

పెద్దక్క88:
నిన్న ట్యూబ్ వేశారు. రాత్రి వాడు అద్దం ముందు నోరు తెరిస్తే మొదటి సిరంజి నేనే కొట్టాను, చేతులు వణికాయి, తెల్లటి రవ్వలు రవ్వలుగా బయటికొచ్చాయి. పొద్దున వాడే చేసుకున్నాడు. మూడు నెలలకి మళ్ళీ స్కాన్, రిపోర్ట్ రాగానే ఇక్కడ రాస్తాను.