నల్గొండ నుంచి శ్రీశైలం ఘాట్‌కు మోటర్‌హోమ్: మలుపులు, రాత్రి మకాం గురించి చెప్పండి

అన్నలూ, మాది ట్రావెలర్ వ్యాన్‌ను మోటర్‌హోమ్‌గా (లోపలే పడుకునేటట్టు) కట్టించిన బండి. ఏసీతో కలిపి ఎత్తు పది అడుగులు, నీళ్ల ట్యాంకు 100 లీటర్లు. దేవరకొండ, డిండి, హాజీపూర్, మన్ననూర్, దోమలపెంట మీదుగా శ్రీశైలం పోయి, దోర్నాల, మాచర్ల, సాగర్ మీదుగా నల్గొండ రావాలని ప్లాను.

మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తరు కాబట్టి పొద్దున్నే అడవి దాటుడే. అడవిలో బండి ఆపి పడుకునే మాటే లేదు.

అసలు భయం దోమలపెంట దాటినంక డ్యాం దిక్కు దిగే మలుపులు. సెకండ్ గేర్‌లో దిగి బ్రేకు ఆపి ఆపి తొక్కాలె. కాలు తియ్యకుంటే బ్రేకు లైనర్లు కాలి వాసనొస్తది, ఆ తర్వాత పెడల్ తొక్కినా బండి ఆగదు. మా ట్యాంకు వెనక ఇరుసుకు అవతల ఉంది. నిండా నింపితే వంద కిలోలు అక్కడే పడి ముందు చక్రాలు తేలికైతయి, స్టీరింగు సరిగ్గ పట్టదు. సగం నీళ్లతో పోయి సున్నిపెంటలో నింపుకోవచ్చా? హెయిర్‌పిన్‌ల (యూ ఆకారం మలుపుల) దగ్గర వెనక బంపర్ రోడ్డుకు గీరుకుంటదా? ఎదురుగా ఆర్టీసీ బస్సొస్తే రివర్సు తీసేంత జాగ ఉంటదా?

ఇంకోటి, 12 వోల్టుల 200 ఏహెచ్ (యాంప్-అవర్) బ్యాటరీ మీద ఏసీ రెండు గంటలకు మించి నడవదు. శ్రీశైలంలో 15 యాంప్ సాకెట్ ఇచ్చే పార్కింగు గానీ సత్రం ఆవరణ గానీ ఉందా? వాడిన నీళ్లు ఎక్కడ వదలాలె? అడవిలో మాత్రం వదలం.

దోర్నాల ఘాట్‌లో ఈ సైజు బండి నడిపినోళ్లు ముందు చెప్పండి.