‘వైకల్యాన్ని జయించి’: ఈ మాట పారా క్రీడలకు సరిపోతుందా?

ప్రశ్న: పారా క్రీడాకారులకు పతకం రాగానే మన పత్రికల్లో ‘వైకల్యాన్ని జయించి’ అన్న మాట తప్పకుండా కనిపిస్తుంది. నేను రాసిన వ్యాసంలో సంపాదకురాలు దానిని కొట్టివేశారు. వ్యాకరణ దోషమేమీ లేదు కదా, కారణం ఏమై ఉంటుందో పెద్దలు తెలుపగలరు.

సమాధానం: వ్యాకరణానికి లోటేమీ లేదండీ, చిక్కంతా అర్థంలోనే ఉంది. క్రోధాన్ని జయించాడంటే క్రోధం ఇక లేదనే అనుకుంటాం. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగును 55.82 సెకన్లలో ముగించి కాంస్యం గెలిచారు. అది టి20, అంటే మేధో వైకల్యం ఉన్నవారి విభాగం. ఆ వైకల్యం ఉన్నదని నిపుణులు పరీక్షించి ధ్రువీకరిస్తేనే అందులో పరుగెత్తనిస్తారు కాబట్టి, ఆమె దానిని నిజంగా జయించి ఉంటే పోటీకే అనర్హురాలయ్యేవారు.

ఈ పరీక్ష ఇంత కఠినంగా ఉండటానికి కారణం ఉంది. 2000లో సిడ్నీలో స్వర్ణం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులోని 12 మందిలో 10 మందికి మేధో వైకల్యమే లేదని తరువాత బయటపడింది. పతకం వెనక్కి తీసుకోవడంతో కథ ముగియలేదు. ఏథెన్స్, బీజింగ్ క్రీడల్లో ఈ విభాగం వారికి పతక పోటీలే లేకుండా పోయి, 2012 లండన్ దాకా ఏ పాపమూ ఎరుగని క్రీడాకారులు ఆ శిక్షను మోశారు. టోక్యోలో మన వినోద్ కుమార్ డిస్కస్‌లో మూడో స్థానంలో నిలిచినా, ఆయన వైకల్యం ఎఫ్52కు, అంటే శారీరక వైకల్యం వల్ల కూర్చుని విసిరేవారి తరగతుల్లో ఒకదానికి, సరిపోలేదని మరునాడే ఆ ఫలితాన్ని రద్దు చేశారు.

ఈ పడికట్టు మాట వల్ల అసలు ఆట మరుగున పడుతోందన్నది నా ఫిర్యాదు. పారిస్‌కు ముందు, 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో దీప్తి 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. పారిస్‌లో స్వర్ణం దక్కింది 55.16కు, రజతం 55.23కు. కోబె వేగమే ఆ రోజూ అందుకుని ఉంటే పసిడి ఆమెదే. రాయదగిన పోరు ఇక్కడ ఉండగా, లేని యుద్ధం గురించి రాయడం ఎందుకు?

మరొకరు: మీ నిర్వచనం కాస్త ఇరుకుగా ఉందేమో చూడండి. జితేంద్రియుడికి ఇంద్రియాలు ఉండనే ఉంటాయి, అవి అతని అదుపులో ఉంటాయంతే. ‘జయించు’కు వశపరచుకోవడం అన్న అర్థమూ ఉంది.

సమాధానం: ఆ అర్థం ఉన్నమాట నిజమే, కానీ మేధో వైకల్యం నిగ్రహంతో అదుపులోకి వచ్చేది కాదు కదా. ‘జయించు’ను వదులుకోవడం ఇష్టం లేకపోతే దానికి తగిన కర్మ దొరకకపోదు, చిన్నతనంలో ఊళ్లో తనను గేలిచేసిన నోళ్లను దీప్తి జయించారని రాయండి, ఏ సంపాదకురాలూ కొట్టివేయరు.