డిగ్రీలో 40 శాతం క్రెడిట్లు ఆన్‌లైన్ కోర్సులకు ఇవ్వొచ్చా? మీరేమంటారు?

బ్లాక్‌బోర్డ్:
కోస్తాలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా దగ్గర ఈ సెమిస్టర్ నుంచి రెండు ఎలక్టివ్‌లు (పిల్లలు తామే ఎంచుకునే సబ్జెక్టులు) క్లాసులో చెప్పడం మానేశారు. పిల్లలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో కోర్సు చేసి సర్టిఫికెట్ తెస్తే క్రెడిట్లు, అంటే డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్లు, వేస్తామన్నారు. టైమ్‌టేబుల్‌లో ఆ గంటలు తీసేశారు. చుట్టుపక్కల కాలేజీల్లోనూ ఇదే వరస అని వింటున్నాను, అందుకే ఈ చర్చ పెడుతున్నాను.

నిబంధన ఏమిటో ముందు చెప్తాను. స్వయం అంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక, ఎన్‌పీటెల్ కోర్సులూ అందులోనే ఉంటాయి. ఆ కోర్సులకు క్రెడిట్లు ఇవ్వొచ్చని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ 2016లో చెప్పింది. అప్పుడు ఒక సెమిస్టర్ కోర్సుల్లో 20 శాతం వరకే. 2021లో దాన్ని 40 శాతం చేసింది. అంటే సెమిస్టర్‌కు అయిదు సబ్జెక్టులుంటే రెండు బయటి నుంచి తెచ్చుకోవచ్చు.

నేను ఆన్‌లైన్ కోర్సులకు వ్యతిరేకిని కాదు. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ మొదలుపెట్టాక, నాలాంటి లెక్చరర్లు ఎంతోమంది ఆ వీడియోలు చూసే పాఠం చెప్పడం నేర్చుకున్నారు. నేను అడ్డుపడేది ఒక్క దానికే. టైమ్‌టేబుల్‌లో గంట లేని, అడగడానికి మనిషి లేని కోర్సుకు డిగ్రీ క్రెడిట్ ఇవ్వకూడదు.

ఎందుకంటున్నానో చెప్తాను. ఎన్‌పీటెల్ అసైన్‌మెంట్ల గడువు చాలావరకు బుధవారం రాత్రి 11:59. ఆ సాయంత్రం హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో జవాబులు తిరుగుతాయి: 1-బి, 2-సి, 3-ఎ డి రెండూ, 4-బి. ప్రశ్న ఏమిటో కూడా ఉండదు. ఫోన్‌లో నొక్కేసి పడుకుంటారు. 12 వారాల కోర్సులో బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్లు తీసుకుంటారు కాబట్టి 25 మార్కుల భాగం అలా గట్టెక్కిపోతుంది. మిగతా 75 మార్కులు సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకి. అందులో 30 వస్తేనే సర్టిఫికెట్. అక్కడ వాట్సాప్ ఉండదు. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో మొదటిసారి తెలిసేది ఆ రోజే, అప్పటికి సెమిస్టర్ అయిపోవస్తుంది. రెండో వారంలో ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఉంటే అక్కడికి వచ్చేది కాదు.

ఫైనల్ ఇయర్ ఈసీఈ:
సర్, కాపీ కొట్టడం ఆన్‌లైన్‌తో మొదలైందా? ల్యాబ్ రికార్డులు ఎలా తయారవుతాయో మీకు తెలియంది కాదు.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో కన్వల్యూషన్ (రెండు సిగ్నళ్లను కలిపే లెక్క) దగ్గర మా క్లాసులో జరిగింది ఇదీ: సూత్రం బోర్డు మీద రాశారు, కింద రెండు లెక్కలు చేశారు, ఇంపార్టెంట్ అని గీత గీశారు. ఎందుకు తిప్పాలో, ఎందుకు జరపాలో ఎవరూ చెప్పలేదు. ఎన్‌పీటెల్‌లో ప్రొఫెసర్ గారు ఒక సిగ్నల్ బొమ్మ గీసి, రెండోదాన్ని తిరగేసి గీసి, కొంచెం కొంచెంగా జరుపుతూ రెండూ కలిసిన చోటల్లా రంగు వేస్తూ పోయారు. ఆ రంగు వేసిన వైశాల్యమే జవాబు అని అప్పుడు అర్థమైంది. అర్థం కానిచోట ఆపాను, వెనక్కి వెళ్లాను, కింద అక్షరాలు చదువుకున్నాను. క్లాసులో "సర్, మళ్లీ మొదటి నుంచి చెప్పండి" అని అరవై మంది ముందు అడగగలనా?

మాలాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఐఐటీ పాఠం దొరికే దారి ఇదొక్కటే. దానికి క్రెడిట్ ఇవ్వకపోతే ఎవరు చేస్తారు? సెమిస్టర్ సబ్జెక్టుల బరువు మీద అదనంగా 12 వారాలు ఎవరు మోస్తారు? 40 శాతం ఉండాల్సిందే.

పల్నాడు నాన్న:
మాస్టారూ, నాకు ఈ క్రెడిట్ల లెక్కలు అంతగా తెలియవు. ఒక్క సంగతి అడుగుతాను. ఆన్‌లైన్ కోర్సు ఉచితం అన్నారు, పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు మేమే కట్టాం. పరీక్ష సెంటర్ వేరే ఊళ్లో పడితే బస్సు ఖర్చు మాదే. కాలేజీ రెండు సబ్జెక్టులు చెప్పడం మానేసింది కదా, ట్యూషన్ ఫీజులో ఆ మేరకు తగ్గించిందా? పైసా తగ్గలేదు. మిర్చి అమ్మి కట్టిన డబ్బులు ఇవి. చెప్పని పాఠానికి ఫీజు ఎందుకు కట్టాలో నాకెవరైనా చెప్పండి.

డిగ్రీ లెక్చరర్, నల్గొండ:
ఇక్కడ అంతా ఇంజినీరింగ్ గురించే మాట్లాడుతున్నారు. స్వయంలో ఇంజినీరింగ్ బయట కూడా పెద్ద ప్రపంచమే ఉంది. 2017 జులైలో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ దాన్ని ప్రారంభించినప్పటి నుంచి చరిత్ర, ఆర్థిక శాస్త్రం, భాషలు, జంతుశాస్త్రం, న్యాయం, గ్రంథాలయ శాస్త్రం, మేనేజ్‌మెంట్ అన్నీ పెడుతూ వచ్చారు. సాంకేతికేతర డిగ్రీ కోర్సులు సీఈసీ (యూజీసీ కింద పాఠాల వీడియోలు తయారుచేసే సంస్థ) చూస్తుంది, పీజీవి యూజీసీ, మేనేజ్‌మెంట్ కోర్సులు బెంగళూరు ఐఐఎం. మా కాలేజీలో పురావస్తు శాస్త్రం చదవాలనుకునే పిల్లకు ఇంకో దారి లేదు. కాబట్టి కోర్సు మంచిదా కాదా అన్న ప్రశ్న నాకు లేదు.

నా భయం గెస్ట్ లెక్చరర్ల గురించి. వాళ్లకు గంటల లెక్కన జీతం. వారంలో నాలుగు గంటలు ఆన్‌లైన్‌కి పోతే ఆ నాలుగు గంటల కూలి పోయినట్టే. వచ్చే ఏడాది వర్క్‌లోడ్ లేదని ఆ పోస్టే ఎత్తేస్తారు. ఒకసారి ఎత్తేసిన పోస్టు తిరిగి రావడం నేనైతే చూడలేదు.

ఇంకో మాట. దూరవిద్య మనకు కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పెట్టారు. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్నది అదే. అప్పుడే అచ్చు పుస్తకాలు ఇచ్చారు, రేడియోలో పాఠాలు చెప్పించారు. అయినా అక్కడితో సరిపెట్టలేదు. ఊరూరా డిగ్రీ కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టి, ఆదివారాలు క్లాసులు నడిపారు. పొలం పనులకు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు వారమంతా చదువుకుని, ఆదివారం వచ్చి సందేహాలు అడిగేవాళ్లు. నేనూ అలాంటి క్లాసులు చెప్పాను. బస్సు దిగి నేరుగా క్లాసుకు వచ్చి, పుస్తకంలో పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్న పేజీలు ఒక్కొక్కటే తిప్పి అడిగిన ఆడవాళ్లు నాకు గుర్తున్నారు. దూరవిద్య కోసమే పుట్టిన సంస్థకే మనిషి అవసరమైతే, రెగ్యులర్ కాలేజీకి అక్కర్లేదా?

హైటెక్ సిటీ:
ఇంటర్వ్యూలు చేసేవాడిగా రెండు మాటలు. రెజ్యూమేలో పదిహేను సర్టిఫికెట్లు ఉంటే నేను ఒక్కటే ఎంచుకుని అందులో మూడో వారంలో ఏం చెప్పారో అడుగుతాను. చాలామంది అక్కడే తడబడతారు. సెంటర్‌కు వెళ్లి రాసిన పరీక్ష అంటే మాత్రం నాకు కొంత నమ్మకం. ఇంట్లో కూర్చుని క్లిక్ చేసి తెచ్చుకున్న సర్టిఫికెట్‌ను దానితో సమానంగా చూడను. క్రెడిట్ ఇవ్వాలనుకుంటే బయట పరీక్ష ఉన్న కోర్సులకే ఇవ్వండి.

ఫైనల్ ఇయర్ ఈసీఈ:
పల్నాడు అంకుల్, మీ ప్రశ్న న్యాయమైనది. ఫీజు తగ్గాలి, లేదా పరీక్ష ఫీజైనా కాలేజీయే కట్టాలి.

కానీ బ్లాక్‌బోర్డ్ సర్, మీరు "మనిషి ఉండాలి" అంటే ఏమవుతుందో నేను చెప్తాను. మా కాలేజీ "మా దగ్గర ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లు లేరు, కాబట్టి ఆ కోర్సుకు ఒప్పుకోం" అంటుంది. ఉన్న సార్‌కి వచ్చిన సబ్జెక్టే అందరూ తీసుకోవాలి. మూడేళ్లు అదే చూశాను. నాకు ఇమేజ్ ప్రాసెసింగ్ కావాలి, కాలేజీలో ఉన్నది వేరొకటి. మనిషి లేడని పాఠం కూడా లేకుండా చేస్తారా?

బ్లాక్‌బోర్డ్:
అమ్మా, నీ మాటలోనే అసలు చిక్కుంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

2016 నిబంధనలు తీసి చదువు. కాలేజీ ఎప్పుడు స్వయం కోర్సును అనుమతించాలో అందులో ఉంది. తగిన అధ్యాపకులు లేనప్పుడు. విద్యార్థి అడిగిన ఎలక్టివ్ కాలేజీలో లేనప్పుడు. ఉన్న బోధనకు తోడుగా కావాలనుకున్నప్పుడు. నువ్వు చెబుతున్న ఇమేజ్ ప్రాసెసింగ్ రెండోదాని కిందికి వస్తుంది, అది నీ హక్కు. నేను దాని జోలికి పోను. మా కాలేజీ చేసింది వేరు. సబ్జెక్టు చెప్పేవాళ్లు ఉన్నా గంటలు తీసేసింది. నల్గొండ సార్ భయపడుతున్నదీ దాని గురించే. "అధ్యాపకులు లేనప్పుడు" అన్న వెసులుబాటు ఉంది కదా అని అధ్యాపకులను పెట్టడమే మానేస్తే ఆ నిబంధనకు అర్థం తలకిందులవుతుంది.

అవే నిబంధనల్లో ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ బయటికి తీయరు. విద్యార్థి చదివే సంస్థ ఆ కోర్సు మొత్తానికి దారి చూపే ఒక కోఆర్డినేటర్‌ను నియమించాలి, ల్యాబ్, ప్రాక్టికల్స్ ఆయనే జరిపించాలి. ల్యాబ్, కంప్యూటర్లు, లైబ్రరీ ఉచితంగా ఇవ్వాలి. నేను అడుగుతున్నది కొత్తదేమీ కాదు, రాసి ఉన్నదే.

ఆ మనిషి ఐఐటీ ప్రొఫెసర్‌కు సమానం కానక్కర్లేదు. నేను మెంటర్‌గా ఉన్న ఒక కోర్సుకు గురువారం సాయంత్రం గంట అడిగి తీసుకున్నాను. వీడియో పెడతాను. ప్రొఫెసర్ ప్రశ్న వేసి జవాబు చెప్పబోయే ముందు ఆపేస్తాను. "మీరు చేయండి" అంటాను. పది నిమిషాలు బెంచీల మధ్య తిరుగుతాను. ఒకడు యూనిట్ల దగ్గర ఆగి ఉంటాడు, ఇంకొకడికి ఇంటిగ్రేషన్ హద్దులు మార్చడం రాదు, మరో అమ్మాయికి లెక్క వచ్చు కానీ ఇంగ్లిష్ ప్రశ్న అర్థం కాలేదు. ఈ మూడూ వేర్వేరు జబ్బులు, ఒక వీడియో మూడింటినీ కనిపెట్టలేదు. తర్వాత వీడియో నడిపిస్తాను. ఆ సబ్జెక్టులో నేనేమీ పండితుణ్ని కాను. పిల్లలతో పాటు నేనూ ఆ కోర్సుకు నమోదు చేసుకుని అసైన్‌మెంట్లు రాస్తున్నాను. నీ కాలేజీలో ఇమేజ్ ప్రాసెసింగ్ తెలిసినవారు లేకపోయినా, మీతో కలిసి నేర్చుకోవడానికి ఒప్పుకునే లెక్చరర్ ఒకరు ఉంటారు. వారికి వారానికి రెండు గంటలు వర్క్‌లోడ్‌లో చూపిస్తే చాలు, గెస్ట్ లెక్చరర్ అయితే ఆ రెండు గంటలకు జీతం ఇవ్వాలి.

హైటెక్ సిటీ గారు, బయట పరీక్ష ఉండాలన్న మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

పల్నాడు నాన్నగారూ, ఈ వారం మీ అబ్బాయి కాలేజీకి ఒక కాగితం రాసి ఇవ్వండి. ఆన్‌లైన్‌లో పెట్టిన ఒక్కో సబ్జెక్టుకు కోఆర్డినేటర్ పేరు, ఆయన వారంలో ఏ రోజు ఏ గంటకు పిల్లలకు దొరుకుతారు, పరీక్ష ఫీజు ఎవరు కడతారు అని అడగండి. నోటితో అడగొద్దు, కాగితం మీదే, రసీదు తీసుకోండి. జవాబు వచ్చాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. మిగతా తల్లిదండ్రులు కూడా అదే కాగితం ఇస్తారు.