లూసిడ్ డ్రీమ్ కోసం 12 రోజులుగా తంటాలు పడుతున్నా, ఒక్కటీ రాలేదు

పెదవాల్తేరు_పిల్ల:
అందరికీ నమస్తే. లూసిడ్ డ్రీమ్స్ ఎవరైనా నిజంగా ప్రయత్నించి ఉంటే చెప్పండి. వీడియో చూసి చెప్పేది వద్దు, సొంత అనుభవం కావాలి.

నాది బ్యాంకు పరీక్షల ప్రిపరేషన్. పొద్దున్న ద్వారకానగర్లో కోచింగ్, సాయంత్రం ఇంట్లో మాక్ టెస్టులు. ఓ రాత్రి నిద్రపట్టక ఫోను చూస్తుంటే ఈ సంగతి కనబడింది: కల నడుస్తుండగానే ఇది కల అని తెలియడం, తెలిశాక మనిష్టం వచ్చినట్టు తిరగడం. నాకు ఈత రాదు. సముద్రం పక్కనే పుట్టి పెరిగి, మోకాళ్ళు దాటి నీళ్ళలోకి ఎప్పుడూ దిగలేదు. కలలోనైనా ఈదాలని ఉంది, అంతే. ఎగరడాలవీ నాకొద్దు.

పడుకునే ముందు "ఈ రోజు కలలో నాకు తెలుస్తుంది" అని వందసార్లు అనుకుంటున్నా. ఇది కలా నిజమా అని చూసుకోవడానికి పగలు గంటకోసారి వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నా. క్లాసులో పక్కమ్మాయి "ఏటే, చక్రవడ్డీయా?" అంది. తెల్లవారి 4కి అలారం పెడితే నేను తప్ప ఇంటిల్లిపాదీ లేచారు. అమ్మ లైటు వేసి "ఈ టైములో ఎవరితోనే మాటలు?" అని ఫోను లాక్కుంది. కల కోసం అలారం పెట్టానంటే ఇంకా కంగారు పడుతుందని నోరు మూసుకున్నా.

లూసిడ్ సంగతి అటుంచండి, మామూలు కలలే గుర్తుండట్లేదు. తప్పెక్కడుంది?

కంచరపాలెం_కుర్రోడు:
అక్కా, నాకు ఒక్కసారి వచ్చింది. కల అని తెలిసిన ఆనందంలో మా వాడికి ఫోన్ చేసి చెబుదామని జేబులో ఫోను వెతుక్కుంటుంటే మెలకువ వచ్చేసింది. ఏడాదైంది, మళ్ళీ రాలేదు. నీకు కిటుకు దొరికితే నాకూ చెప్పు.

సీ_షిఫ్ట్_బాబాయ్:
అమ్మా, తప్పు నీ చివరి మాటల్లోనే ఉంది. కలలే గుర్తుండనప్పుడు, లూసిడ్ కల వచ్చి వెళ్ళినా నీకు తెలీదు కదా. ముందు తలగడ పక్కన పుస్తకం, పెన్ను పెట్టు. మెలకువ రాగానే కదలొద్దు, పక్కకి కూడా తిరగొద్దు. చివరి ముక్క ఏది చేతికొస్తే అది పట్టుకుని వెనక్కి లాగు, ఒడ్డున వల లాగినట్టు. నా పుస్తకంలో మొదటి పేజీ మొత్తం ఇదీ: "పచ్చ గేటు. ఎవరో తిట్టారు." మూడో వారానికి పేజీన్నర రాసేవాణ్ణి.

స్టీల్ ప్లాంటులో 31 ఏళ్ళు షిఫ్టులు చేశాను. నాకు దీని రుచి చూపించింది సీ షిఫ్టే. రాత్రి 10కి ఎక్కి, పొద్దున్న 6కి దిగి, కూర్మన్నపాలెంలో టీ తాగి, ఇంటికెళ్ళి 7కి పడుకుంటే వచ్చే కలలే వేరు. పొడుగ్గా, వాసనలతో సహా వచ్చేవి. ఎందుకో తర్వాత చదివితే తెలిసింది. నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా నడుస్తుంది. చుట్టు చివర్లో కనుగుడ్లు అటూ ఇటూ కదిలే దశ ఒకటుంటుంది, రెమ్ అంటారు. గట్టి కలలు ఎక్కువగా అందులోనే. పడుకున్న కొత్తలో అది కొద్ది నిమిషాలే, తెల్లవారేసరికి అరగంట పైనే సాగుతుంది. నువ్వు రాత్రి పడుకోబోతూ వందసార్లు అనుకున్నా, ఆ వెంటనే వచ్చేది గాఢనిద్ర. నీ మాట అక్కడే మునిగిపోతోంది.

4 గంటల అలారం మంచి ఆలోచనే. కానీ ఎన్నింటికి పడుకుంటున్నావో రాయలేదు! ఒంటిగంటకి పడుకుని నాలుగుకి లేస్తే తలనొప్పి తప్ప ఏమీ రాదు. ముందు ఐదు గంటలైనా నిద్ర పడాలి. లేచి అరగంట మేలుకుని ఉండు, రాసుకున్న కల చదువుకో. మళ్ళీ పడుకుని ఆ కలనే తలుచుకో. అందులో అనుమానం రావలసిన చోట నీకు అనుమానం వచ్చినట్టు ఊహించుకో. "ఈసారి కలొస్తే కల అని గుర్తుపడతాను" అనుకుంటూ నిద్రలోకి జారిపో. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో స్టీఫెన్ లాబెర్జ్ అనే ఆయన తన మీదే ప్రయోగాలు చేసుకుని తయారుచేసిన పద్ధతి ఇది, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో పేరు మైల్డ్ (MILD).

వేళ్ళు మొక్కుబడిగా లెక్కపెడితే కలలోనూ మొక్కుబడిగా ఐదే వస్తాయి. నాది బస్సు బోర్డు. రిటైరయ్యాక రుషికొండ వైపు వచ్చేశాం, రోజూ కనిపించేది 900కె. బోర్డు చదివి, తల తిప్పుకుని, మళ్ళీ చదువుతాను. మెలకువలో ఎన్నిసార్లు చదివినా 900కెనే. కలలో రెండోసారికి 9 పక్కన కొబ్బరికాయ బొమ్మ, మూడోసారికి డ్రైవరు సీట్లో మా మేనత్త. కలలో అక్షరాలు, అంకెలు చాలావరకు నిలకడగా ఉండవు. ఇంకోటి, ముక్కు మూసుకుని పీల్చి చూడు. కలలో చాలాసార్లు గాలి ఆడుతుంది.

తెలిశాక గంతులెయ్యకు, కంచరపాలెం బాబు కొంప ముంచింది అదే. అరచేతులు రుద్దుకో, ఏదైనా గోడ తాకు. కల కాసేపు నిలుస్తుంది.

భీమిలి_శాస్త్రి:
మాండూక్యోపనిషత్తులో జాగ్రత్ (మెలకువ), స్వప్న (కల), సుషుప్తి (గాఢనిద్ర), తురీయం (ఆ మూడూ దాటినది) అని నాలుగు స్థితులు ఎప్పుడో చెప్పారు. దీనికి స్టాన్‌ఫర్డ్ దాకా వెళ్ళాలా?

సీ_షిఫ్ట్_బాబాయ్:
శాస్త్రిగారూ, మాండూక్యం నాకూ ఇష్టమే. కానీ అది కల కనేవాడెవడని అడుగుతుంది, ఈ అమ్మాయి ఈత అడుగుతోంది. మీరన్నారు కాబట్టి ఇంకోటి చెబుతా. 1975లో ఇంగ్లండులో హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ అనే ఆయన ఒక పని చేశారు. రెమ్ నిద్రలో కాళ్ళూ చేతులూ కదలవు, కళ్ళు మాత్రం కదులుతాయి. అలన్ వర్స్‌లీ అనే మనిషి కలలో ఉండి, ముందే అనుకున్న ప్రకారం కళ్ళు ఎడమకీ కుడికీ తిప్పాడు. మెషీను కాగితం మీద ఆ గీతలు పడ్డాయి. నిద్రపోతున్నవాడు కలలోంచి కబురు పంపాడండీ! ఆ సంగతి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
చెల్లీ, ఇలా మధ్యలో లేచి పడుకుంటే కొందరికి మెలకువ వచ్చినా ఒళ్ళు కదలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. మా అమ్మమ్మ దెయ్యం అనేది. అది స్లీప్ పెరాలసిస్. నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ కాలి వేళ్ళు కదపడానికి చూడు, కాసేపట్లో వదిలేస్తుంది. ఇలా మధ్యలో లేవడం వారానికి ఒకటి రెండు రోజులు చాలు, పరీక్ష ముందు అసలొద్దు. గాలంటమైన్ అని ఆన్‌లైన్లో ఊరిస్తారు. అది అల్జీమర్స్ మందు, జోలికి పోకు. లేనివి కనిపించడం, వినిపించడం లాంటి సమస్య ఎప్పుడైనా ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఈ లూసిడ్ ప్రయత్నాలు మొదలెట్టకూడదు.

పెదవాల్తేరు_పిల్ల (23 రోజుల తర్వాత):
వచ్చింది!!

శనివారం పదిన్నరకే పడుకున్నా. ఫోను ఇంకా అమ్మ దగ్గరే, అందుకని చెల్లి వాచీ వైబ్రేషన్లో పెట్టుకున్నా. 4కి లేచి పుస్తకం చదివి మళ్ళీ పడుకున్నా. ఆర్కే బీచ్. చేతిలో మురీ మిక్చర్ పొట్లం, పక్కన చెల్లి. చూస్తే ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ దాని చోట లేదు, దూరంగా నీళ్ళలో తేలుతోంది. నాకు ఆశ్చర్యమే లేదు, "సర్వీసింగుకి తీసుకెళ్ళారు కాబోలు" అనుకున్నా. తర్వాత పొట్లం కాగితం మీద పేపరు వార్త చదివా. తల తిప్పి మళ్ళీ చూస్తే అది పడవలూ ప్రవాహాల లెక్క! ముక్కు మూసుకున్నా. గాలి ఆడుతోంది. ఒళ్ళు ఝల్లుమంది.

చేతులు రుద్దుకోవాలని గుర్తుంది బాబాయ్ గారూ, కానీ ఒక చేతిలో పొట్లం. పారెయ్యడానికి మనసొప్పలేదు. అలాగే నీళ్ళలోకి పరిగెత్తా. మోకాళ్ళ దాకా వెళ్ళా, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి, ఇంకో అడుగు వేశా. మెలకువ. మొత్తం పది సెకన్లు ఉంటుందేమో.

పుస్తకం అమ్మకి చూపించా. ఫోను తిరిగిచ్చేసింది. ఈసారి పొట్లం చెల్లికి ఇచ్చెయ్యాలంటారా?

సీ_షిఫ్ట్_బాబాయ్:
ఎందుకమ్మా, కలలో పొట్లం తడవదు. పట్టుకునే ఈదు.