పాత స్విఫ్ట్‌కు బ్రేకులు, సస్పెన్షన్ కలిపి 36,400 ఎస్టిమేట్ – ఇవన్నీ నిజంగా మార్చాలా?

ప్రశ్న: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2012 మోడల్ మారుతి స్విఫ్ట్ డీజిల్ కారు ఉంది. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటినా ఇంజిన్ గురించి ఏ ఫిర్యాదూ లేదు. అయితే కొన్ని నెలలుగా రెండు ఇబ్బందులు మొదలయ్యాయి. జాతీయ రహదారి మీద ఎనభై, తొంభై వేగంలో బ్రేకు వేస్తే స్టీరింగు అటూ ఇటూ వణుకుతోంది, పెడలు కూడా కాలి కింద కొట్టుకుంటోంది. బ్రేకు వేయనంతసేపు అదే వేగంలో బండి నిలకడగానే వెళ్తుంది. రెండవది, ఊళ్లో గతుకుల రోడ్ల మీద నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ముందు ఎడమ చక్రం వైపు నుంచి టకటకమని శబ్దం వస్తోంది. విచిత్రం ఏమిటంటే, స్పీడ్ బ్రేకరును నేరుగా ఎక్కించి దించితే ఆ శబ్దం రాదు.

ఒక గ్యారేజీలో చూపిస్తే లిఫ్టు మీద ఎక్కించి, పావుగంటలో దింపి, ఎస్టిమేట్ రాసి ఇచ్చారు. ముందు షాక్ అబ్జార్బర్లు రెండు, వాటి మౌంట్లు, లోయర్ ఆర్ములు (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది చేతులు) రెండు, లింక్ రాడ్లు రెండు, ముందు డిస్కులు, ప్యాడ్లు, వెనుక డ్రమ్ములు, షూలు, బ్రేక్ ఆయిల్, వీల్ అలైన్‌మెంట్, లేబర్ ఛార్జీ అన్నీ కలిపి 36,400 రూపాయలు. బండిని రోడ్డు మీద నడిపి చూడలేదు. ఏ భాగం వల్ల ఏ ఇబ్బంది వస్తోందని అడిగితే, "పాత బండి కదండీ, అన్నీ ఒకేసారి మార్చేస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదు" అన్నారు.

ఇప్పుడు అమ్మితే ఈ బండికి రెండు లక్షల పైచిలుకు వస్తుందేమో. 2027లో పదిహేనేళ్లు నిండుతాయి కనుక ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ పొడిగించుకోవాలి. ఇంత ఖర్చు పెట్టడం సబబేనా? పెట్టాల్సివస్తే దేనికి ముందు పెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: పానా పట్టిన చెయ్యి (విజయవాడ ఆటోనగర్)

మీరు రాసిన లక్షణాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. నడిపి చూడకుండా రాసిన ఎస్టిమేట్ కంటే మీ రెండు వాక్యాలే ఎక్కువ సంగతి చెబుతున్నాయి.

ముందు శబ్దం సంగతి. స్పీడ్ బ్రేకరు మీద రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేస్తాయి కాబట్టి స్టెబిలైజర్ బార్ (బండి ఒరగకుండా రెండు పక్కల చక్రాలనూ కలిపే కడ్డీ) మెలిపడదు, దానిని పట్టి ఉంచే లింక్ రాడ్ల మీద పెద్దగా బరువు పడదు. గతుకుల్లో మాత్రం ఒక చక్రం లేస్తే ఇంకొకటి దిగుతుంది, అప్పుడు అరిగిన లింక్ రాడ్ బాల్ జాయింటు టకటకమంటుంది. కనుక మొదటి అనుమానం ఎడమ లింక్ రాడ్ మీదే. ఇది సస్పెన్షన్‌లో చౌకైన భాగాల్లో ఒకటి, మార్చడానికి అరగంట కూడా పట్టదు. షాక్ అబ్జార్బరు పోతే గుర్తులు వేరుగా ఉంటాయి. దాని ఒంటి మీద నూనె కారిన తడి కనిపిస్తుంది, గుంట దాటాక బండి ముందు భాగం ఒకటికి రెండుసార్లు ఊగుతుంది, టైరు అక్కడక్కడా పల్లాలు పడినట్టు అరుగుతుంది. పైన మౌంటు బేరింగు పోతే, ఆగి ఉన్న బండిలో స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు స్ప్రింగు ఉండి ఉండి జారినట్టు చప్పుడవుతుంది. లోయర్ ఆర్ము వెనుక బుష్ (కీలు దగ్గరుండే రబ్బరు ముక్క) చిరిగితే బ్రేకు వేసిన క్షణంలోనో, రివర్స్ నుంచి మొదటి గేరుకు వచ్చి కదిలేటప్పుడో "దబ్" అని ఒక్క దెబ్బ వినిపిస్తుంది. ఈ చివరి రెండూ మీరు రాయలేదు, అయినా ఒకసారి గమనించి చూడండి. లోయర్ ఆర్ము చివరనున్న బాల్ జాయింటును మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే అది ఊడితే నడుస్తున్న బండిలోనే చక్రం పక్కకు వాలిపోతుంది. లిఫ్టు మీద ఉన్నప్పుడు ప్రై బార్‌తో (గడ్డపార లాంటి ఇనుప కడ్డీతో) ఎత్తి, వదులు ఉందో లేదో మీ కళ్లతో మీరే చూడండి.

ఇక బ్రేకు. బ్రేకు వేయనప్పుడు వణుకు లేదంటున్నారు కాబట్టి వీల్ బ్యాలెన్సింగ్ మీద అనుమానం చాలావరకు పోయినట్టే. స్టీరింగు వణుకుతోందంటే దోషం ముందు డిస్కుల్లో ఉండే అవకాశం ఎక్కువ. వెనుక డ్రమ్ము గుండ్రం తప్పితే వణుకు స్టీరింగులో కంటే సీటులో, పెడలులో తెలుస్తుంది. ఖాళీ రోడ్డు మీద, వెనుక బండ్లు ఏవీ లేవని చూసుకుని, ముప్పై వేగంలో హ్యాండ్ బ్రేకు బొత్తాం నొక్కి పట్టుకునే లివరును మెల్లగా లాగి చూడండి. హ్యాండ్ బ్రేకు వెనుక డ్రమ్ముల మీదే పనిచేస్తుంది కనుక, అప్పుడు కొట్టుకోకపోతే డ్రమ్ములు మార్చమన్న సలహాకు ఆధారం లేదన్నమాట.

డిస్కు "వంకర పోయింది" అని అందరం అంటాం గానీ, చాలాసార్లు అసలు కారణం దాని వెనుక హబ్ (డిస్కును, చక్రాన్ని బిగించే భాగం) మీద పేరుకున్న తుప్పో, చక్రం నట్లను ఎయిర్ గన్‌తో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగించడమో అయి ఉంటుంది. అందుకే కొత్త డిస్కులు వేసిన కొద్ది వేల కిలోమీటర్లకే వణుకు మళ్లీ వచ్చిందని తిరిగి వచ్చేవాళ్లను తరచూ చూస్తుంటాం. డిస్కు ఊగులాటను, అంటే తిరిగేటప్పుడు అది పక్కకు ఎంత ఊగుతోందో, డయల్ గేజితో కొలవమనండి. సాధారణంగా 0.1 మిల్లీమీటరు దాటితే ఎక్కువే. మందాన్ని మైక్రోమీటరుతో చూడాలి. ఎంత వరకు అరగవచ్చో ఆ కనీస మందం డిస్కు మీదే ముద్రించి ఉంటుంది. ఈ రెండు అంకెలు చెప్పలేని గ్యారేజీ డిస్కు మార్చాలని మాత్రం ఎలా చెప్పగలదు?

బ్రేక్ ఆయిల్ మాత్రం ఏ పరీక్షా లేకుండా మార్పించండి, చివరగా ఎప్పుడు మార్చారో తెలియకపోతే మరీను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదు, తేమ పట్టాక ఆ ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. తిరుమల నుంచో శ్రీశైలం నుంచో ఘాట్ దిగుతూ కాలు బ్రేకు మీదే ఉంచితే ఆ వేడి దగ్గర ఆయిలు మరిగి, పెడలు మెత్తగా లోపలికి పోతుంది. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచండి.

జవాబు: రసీదు రామాయణం (హైదరాబాదు)

పై మిత్రులు సాంకేతికంగా చెప్పవలసింది చెప్పారు, నేను డబ్బు గురించి రాస్తాను. ఎస్టిమేటులో ప్రతి భాగానికీ పార్టు నంబరు, ధర, దాని లేబరు విడివిడిగా రాయించుకోండి. వాహన విడిభాగాల మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత స్టిక్కరు ధరనే వేస్తున్నారేమో ఒకసారి అడిగి చూడటంలో తప్పు లేదు. తీసేసిన పాత సామాను డిక్కీలో పెట్టి ఇవ్వమని పని మొదలవకముందే చెప్పండి. ఆ ఒక్క మాటతోనే పట్టిక కొంత చిన్నదవుతుంది.

ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోవద్దు. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగుదల కోయకుండా చెల్లించే పాలసీ) ఉన్నా, వాడకంతో అరిగిన ప్యాడ్లకూ బుష్‌లకూ పాలసీ వర్తించదు. గుంటలో పడి లోయర్ ఆర్ము వంగిందంటే అది ప్రమాదం కిందికి వస్తుంది, కానీ మీది ఆ కోవలోది కాదు. బిల్లులో ఉన్న భాగం బండిలో లేకపోతే మాత్రం ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అందుకు జీఎస్టీ బిల్లు చేతిలో ఉండాలి. "బిల్లు వద్దనుకుంటే పన్ను తగ్గుతుంది" అనే బేరానికి లొంగితే ఈ దారి మూసుకుపోతుంది.

జవాబు: నెల్లూరు నుంచి

నాది కొంచెం భిన్నాభిప్రాయం. ఒక్కొక్కటిగా మారుస్తూ పోతే ప్రతిసారీ విప్పిన లేబరే మళ్లీ కట్టాలి, అలైన్‌మెంట్ ఖర్చు కూడా మళ్లీ పడుతుంది. మీరు ఈ బండిని ఇంకో ఐదేళ్లు ఉంచుకుంటారా, ఆర్‌సీ గడువు దాకానేనా అన్నది ముందు తేల్చుకోండి. ఐదేళ్లయితే, లోయర్ ఆర్ము విప్పే రోజునే రెండో పక్కది కూడా గట్టిగా పరీక్షించి, అనుమానం ఉంటే మార్చేయడమే లాభం.

గోదావరి గట్టు:

అందరికీ ధన్యవాదాలు. బండిని మరో గ్యారేజీకి తీసుకెళ్లి, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించాను. హ్యాండ్ బ్రేకు పరీక్షలో వణుకు లేదు. ఎడమ లింక్ రాడ్ చేత్తో కదిపితేనే ఆడుతోంది, కుడిది కూడా కాస్త వదులుగానే ఉంది. షాక్ అబ్జార్బర్లు పొడిగా ఉన్నాయి. ఎడమ లోయర్ ఆర్ము వెనుక బుష్ సగం చిరిగింది, కుడిది బాగుంది. కుడి డిస్కు ఊగులాట 0.18 మిల్లీమీటర్లు, ఎడమది 0.07. మందం మాత్రం రెండూ కనీసం కంటే అర మిల్లీమీటరు ఎక్కువే ఉన్నాయట. లింక్ రాడ్లు, ఒక లోయర్ ఆర్ము, డిస్కులు, ప్యాడ్లు, ఆయిలు, అలైన్‌మెంట్, లేబరుతో 14,800 అన్నారు. డిస్కులు కొనకుండా లేత్ పట్టిస్తే (పాతవాటినే యంత్రం మీద గీకించి చదును చేయిస్తే) ఇంకా తగ్గుతుందంటున్నారు. అలా చేయవచ్చా?

పానా పట్టిన చెయ్యి:

ముందుగా కుడి డిస్కు విప్పించి, హబ్ మీది తుప్పు తీయించి, మళ్లీ బిగించి కొలవమనండి. 0.1 లోపలికి వచ్చేస్తే డిస్కుల ఖర్చే తప్పుతుంది, ప్యాడ్లతో సరిపోతుంది. రాకపోతే కొత్తవే వేయించండి. మిగిలింది అర మిల్లీమీటరే కాబట్టి, రెండు వైపులా లేత్ పట్టాక కనీస మందానికి చేరువైపోతుంది. పలచబడిన డిస్కు త్వరగా వేడెక్కి మళ్లీ వణుకు తెస్తుంది, ఆ లేత్ డబ్బులూ పోతాయి. డిస్కులు, ప్యాడ్లు రెండు పక్కలా జతగానే మార్చాలి. లోయర్ ఆర్ము ఒకటే మార్చినా పరవాలేదు. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) స్లైడ్ పిన్నులు తీసి శుభ్రం చేసి, బ్రేకులకు వాడే గ్రీజే రాయమనండి, మామూలు గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది. లోయర్ ఆర్ము బుష్ బోల్టుల చివరి బిగింపు, బండి నాలుగు చక్రాల మీద నిలిచి ఉన్నప్పుడే జరగాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే కొత్త బుష్ మెలిపడిన స్థితిలోనే ఉండిపోయి తొందరగా చిరుగుతుంది. కొత్త ప్యాడ్లు కుదురుకునే వరకు మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు వేయకుండా, ముందు బండికి కాస్త ఎక్కువ దూరం ఉంచి నడపండి.