నల్ల పావురమా, తెల్ల గువ్వా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఆదికాండం 8వ అధ్యాయం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. నోవహు ఓడలోంచి వదిలింది "నల్ల పావురము" అని పాత తెలుగు బైబిల్లో ఉంది. బొమ్మల్లో ఎక్కడ చూసినా తెల్ల పావురమే కదా! దానికంటే ముందు వదిలిన కాకి నలుపు దీనికి అంటుకుందా ఏమిటి? ఇంకో సందేహం. కొన్ని చోట్ల పావురం అని, కొన్ని చోట్ల గువ్వ అని ఉంది. రెండూ ఒకటేనా?

జవాబు:

హీబ్రూలో రంగు లేదండీ. అక్కడున్న మాట ‘యోనా’, అంతే. లేవీయకాండంలో బలుల దగ్గర వచ్చే "తెల్ల గువ్వ"కు మూలంలో ‘తోర్’ అని ఉంటుంది. ఆ మాటలోనూ తెలుపు లేదు. అసలు ఆ పక్షి ఒంటి రంగు గోధుమ వన్నె. చలికాలం వెళ్లిపోయి వసంతంలో తిరిగొచ్చే వలస పిట్ట అది. యిర్మీయా 8:7లో తన రాకపోకల కాలం తెలిసిన పక్షుల్లో దాన్నీ లెక్కపెట్టారు. ‘యోనా’ కొండ సందుల్లో గూడు కట్టుకునే రకం. యేసు మీదికి ఆత్మ పావురంలా దిగిందని నాలుగు సువార్తలూ చెబుతాయి గానీ, తెల్లగా ఉందని ఒక్కటీ చెప్పదు. ఆ తెలుపు చిత్రకారులది.

రెండో ప్రశ్నకు జవాబు ఇంత తేలిక కాదు. మత్తయి సువార్త ఒక్కటే తీసుకోండి. 3:16లో ఆత్మ దిగిరావడం, 10:16లో "పావురములవలె నిష్కపటులు", 21:12లో దేవాలయంలో "గువ్వలమ్మువారి" పీఠాలు. ఈ మూడు చోట్లా గ్రీకులో ఉన్నది ఒకే మాట, ‘పెరిస్తెరా’. ఆకాశం నుంచి దిగితే పావురం, బజారులో అమ్మకానికి పెడితే గువ్వ అయిందన్నమాట!

మరొకరు:

ఇందులో తప్పు పట్టడానికేముందండీ? తెలుగులో గువ్వ అంటే చిన్నది, మెత్తనిది. "గువ్వలా ఒదిగిపోయింది" అంటాం, పావురంలా ఒదిగిందని అంటామా? 55వ కీర్తనలో గువ్వలా రెక్కలుంటే ఎగిరిపోయి నెమ్మదిగా ఉందును కదా అని ఏడుస్తున్న మనిషి నోట "పావురమువలె" అని పెట్టి చదవండి, సగం దుఃఖం పోతుంది. అనువాదకులకు చెవి ఉంది. ఒక మూలపదానికి ఒకే తెలుగు మాట అని గిరి గీసుకుంటే అది నిఘంటువు అవుతుంది గానీ కీర్తన కాదు.

జవాబు:

కీర్తన వరకు ఒప్పుకుంటాను. నా బాధ హోషేయ ప్రవక్త పుస్తకం దగ్గర. 7:11లో ఎఫ్రాయిము (అంటే ఉత్తర ఇశ్రాయేలు రాజ్యం) "బుద్ధిలేని పిరికిగువ్వ" అయిందన్నాడు. హీబ్రూలో అదీ ‘యోనా’యే. అయితే దాని పక్కనున్న విశేషణానికి పిరికి అనే అర్థం రాదు. ఎవరేం చెప్పినా నమ్మేసేది, ఇట్టే మోసపోయేది అని అర్థం. సందర్భమూ అదే. ఒకసారి ఐగుప్తును (ఈజిప్టును) పిలుస్తుంది, ఇంకోసారి అష్షూరు (అస్సీరియా) దగ్గరికి పరిగెడుతుంది. తరువాతి వచనంలోనే వల వేస్తానంటున్నాడు దేవుడు. గింజలు చూసి వలలో వాలే పిట్టకు కావలసింది ధైర్యం కాదు కదా, కాస్త తెలివి.

ఇప్పుడు మత్తయి 10:16కు రండి. "పాములవలె వివేకులును పావురములవలె నిష్కపటులునై యుండుడి." పావురం ఒక్కదాన్నే చూపించి ఊరుకోలేదు, ముందు పామును పెట్టాడు. వింటున్న శిష్యులు యూదులు. పావురం అనగానే మంచితనంతో పాటు హోషేయ తిట్టు కూడా వాళ్లకు గుర్తొచ్చే వీలుంది. పాము తెలివి లేకపోతే ఈ పావురమే ఆ బుద్ధిలేని పక్షి. తెలుగులో ఒక చోట గువ్వ, ఇంకో చోట పావురం కావడంతో ఈ రెండు వచనాలకూ చుట్టరికం తెగిపోయింది. ఆదివారం ప్రసంగాల్లో ఈ వచనం ఎన్నిసార్లు విన్నానో, హోషేయ ఊసెత్తినవాళ్లు ఒక్కరూ లేరు.

‘నిష్కపటులు’ మంచి మాటే. కాకపోతే గ్రీకు ‘అకేరయొస్’కు కలపనిది అని అర్థం. నీళ్లు కలపని ద్రాక్షారసం, వేరే లోహం కలవని బంగారం లాంటి చోట వాడే మాట. కపటం ఎదుటివాడితో వ్యవహారం, కల్తీ మన లోపలి సంగతి. ఎవరైనా కొత్తగా అనువదిస్తే "కల్తీ లేనివారు" అని వేయమంటాను. గ్రాంథికం వాళ్లు కోప్పడతారేమో!

పనిలో పని, యోనా ప్రవక్త పేరుకు అర్థం కూడా పావురమే. అష్షూరుకు పరిగెత్తే గువ్వ హోషేయలో ఉంది. అష్షూరువాళ్ల నీనెవెకు పొమ్మంటే తర్షీషు ఓడెక్కిన గువ్వ ఈయన.

ఇంకొకరు:

మరి శాంతి కపోతం?

జవాబు:

ఆదికాండంలో ఆ ఓలీవ ఆకు నీళ్లు తగ్గాయన్న కబురు మాత్రమే. శాంతి అన్న అర్థం తరువాత చేరింది. రోమ్ భూగర్భ సమాధుల్లో తొలి క్రైస్తవులు కొమ్మతో పావురాన్ని గీసి, పక్కన లాటిన్‌లో "శాంతితో" అని చెక్కేవారు. జలప్రళయం నాటి పావురాన్నీ, బాప్తిస్మంలో దిగే ఆత్మనూ జతచేసి తొలినాటి క్రైస్తవ రచయిత టెర్టూలియన్ రాశాడు. రాజకీయ సభల పావురం 1949 నాటిది, పారిస్ శాంతి మహాసభ పోస్టరు మీద పికాసో బొమ్మ. ఆదికాండంలో యుద్ధమూ లేదు, సంధీ లేదు.

నాకు దానికంటే ఆదికాండం 1:2 ఎక్కువ ఇష్టం. దేవుని ఆత్మ జలముల మీద "అల్లాడుచుండెను". ఇప్పుడు అల్లాడటమంటే ఎండకో ఆకలికో విలవిల్లాడటం అనుకుంటాం. ఇక్కడ ఆకు అల్లాడినట్టు, రెక్కలు అల్లాడినట్టు. ద్వితీయోపదేశకాండం 32:11లో పక్షిరాజు పిల్లల మీద అల్లాడుతుందన్న చోట హీబ్రూలోనూ ఇదే క్రియ, తెలుగులోనూ ఇదే మాట. పిల్లల మీద తగలకుండా రెక్కలాడించే పావురంలా అని యూదుల తాల్ముదులో ఒక పండితుడు ఈ వచనానికి పోలిక చెప్పాడు. నీళ్లు, పైన రెక్కలు. యేసు బాప్తిస్మమప్పుడు యొర్దాను నది దగ్గర మళ్లీ అదే దృశ్యం. ఇక్కడ అనువాదకులకు నా నమస్కారం.

మరొకరు:

లూకా 2:24 వదిలేశారు. గొర్రెపిల్లను తేలేనివాళ్లు రెండు గువ్వలో రెండు పావురపు పిల్లలో తేవచ్చని లేవీయకాండం 12:8. యేసు పుట్టాక మరియ, యోసేపులు అర్పించింది పేదల బలి. బజారులో అమ్మేది గువ్వ, ఆకాశం నుంచి దిగేది పావురం అన్నారు కదా, ఆ పేదల పావురమే మరుసటి అధ్యాయంలో యేసు మీదికి దిగింది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలండీ. హీబ్రూలో నలుపు లేదట అని మా అమ్మకు చెప్పాను. "గోడ మీద వాలే మబ్బు రంగు పావురాన్ని నల్ల పావురమనే కదరా అంటాం, ఇంకేమంటాం?" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.